చదవకుండా చెరిపిన కోడ్

"కొత్త సెన్సార్ వేసి మూడు వారాలు కాలేదు, ఇంజిన్ లైటు మళ్లీ వెలిగింది. మీ మెకానిక్‌లందరూ ఒకే బళ్లో చదువుకున్నారా ఏంటి?"

కారు దిగుతూనే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. అన్నది కూడా ఎవరితోనో కాదు, ఒక వ్యాను కింద నుంచి బయటికి కనిపిస్తున్న రెండు కాళ్లతో. ఆ కాళ్లు కాసేపు ఆలోచించి, మెల్లగా ముందుకు జరిగి, వాటి వెనకాల మనిషి కూడా బయటికొచ్చాడు. మొహాన మసి, మెడలో తాడుకి వేలాడుతున్న, కరెంటు కొలిచే మల్టీమీటరు.

ఆ మీటరు వల్లే షెడ్డులో అందరూ అతన్ని 'మీటర్' అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే పలకడం కూడా మానేశాడు. షెడ్డు మేనమామది. వైర్ల పని మాత్రం మేనల్లుడిది. ఆ పనిలో అతనికి తిరుగులేదని మామయ్యే అందరికీ చెబుతాడు, అతను వినకుండా.

"వేరే షెడ్డువాళ్లు చేసినదానికి నన్ను తిడితే ఎలాగండీ?"

"వాళ్లు దూరం. మీరు దగ్గర. తిట్టడానికి వీలుగా ఉన్నారు."

మీటర్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఇంకో మాట పడుతుందేమోనని స్కానర్ తెచ్చి డాష్‌బోర్డు కింద తగిలించాడు. తెర మీద తప్పెక్కడుందో చెప్పే కోడ్ వచ్చింది. ముందు ఆక్సిజన్ సెన్సార్, హీటర్ సర్క్యూట్.

"అంటే ఏంటి? మనుషుల భాషలో చెప్పండి."

"పొగగొట్టంలో కూర్చుని వాసన చూసేది ఒకటుంటుందండీ. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో బండిలోని కంప్యూటర్‌కి చెబుతుంది. దాన్నిబట్టి పెట్రోల్ ఎంత పొయ్యాలో కంప్యూటర్ చూసుకుంటుంది. చల్లగా ఉంటే దాని ముక్కు పనిచెయ్యదు. అందుకని లోపల చిన్న హీటర్ పెడతారు. ఆ హీటర్ రాజుకోవడం లేదని ఫిర్యాదు."

"పొద్దున్నే ఎవరో ఒకరు లేపితేగానీ లేవని రకమన్నమాట. నాలాగే."

అతను సెన్సార్ ప్లగ్గు ఊడదీసి రెండు పిన్నుల మధ్య మీటరు పెట్టాడు. "ఆరు ఓమ్‌లు. హీటర్ నిక్షేపంలా ఉంది. ఆ మాటకొస్తే మీరు తీసి పారేసిన పాతది కూడా బాగానే ఉండి ఉంటుంది."

"బాగున్నదాన్ని తీసి, బాగున్నదాన్ని వేశారా?"

"కోడ్‌లో సెన్సార్ అన్న మాట కనిపిస్తే చాలు, చాలామంది సెన్సార్ మార్చేస్తారు. కాలు నొప్పి అన్నవాడికి కాలు మార్చినట్టు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆమె ఫిజియోథెరపిస్టు. "నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది అదే అడుగుతారు. కొత్త కాలు దొరుకుతుందా అని!"

ఆ నవ్వుకి మీటర్ చేతిలో ప్లగ్గు జారి ఇంజిన్ సందులో పడింది. దాన్ని తీయడానికే అయిదు నిమిషాలు పట్టింది. ఆ రోజు వైరు ఎక్కడ లాగినా, ఎక్కడ కదిపినా తప్పు దొరకలేదు. ఇది మాత్రం నిజం. ఆ రోజు నిజంగానే దొరకలేదు.

మామయ్య షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కోడ్ ముందు చదవాలి, బండి కార్డు మీద రాయాలి, ఆ తర్వాతే చెరపాలి. చదవకుండా చెరిపితే రోగి నోరు నొక్కి మందిచ్చినట్టేనని ఆయన ప్రతి కొత్తవాడికీ చెబుతాడు. మీటర్ చదివాడు, రాశాడు, చెరిపాడు.

"నడిపి చూడండి. వెలిగితే వెంటనే రండి, వేడి మీద ఉంటేనే దొంగ దొరుకుతాడు."

"వెలక్కపోతే?"

"రానక్కర్లేదు."

అనేశాక ఆ మాట అతనికే నచ్చలేదు.

*

నాలుగో రోజు వాన. మామూలు వాన కాదు, రేకుల మీద పడుతుంటే పక్కన నిలబడి అరిస్తేగానీ మాట వినిపించని వాన. తెల్ల కారు నీళ్లు చిమ్ముకుంటూ లోపలికొచ్చింది. అద్దం దించి ఆమె తల బయట పెట్టింది.

"మీ దొంగ మళ్లీ వచ్చాడు!"

ఈసారి మీటర్ మీటరుని నమ్ముకోలేదు. ప్లగ్గు దగ్గర పన్నెండు వోల్టులు చూపిస్తోంది. అయినా ఒక హెడ్‌లైట్ బల్బు తెచ్చి తగిలించాడు. బల్బు మినుకుమినుకుమంది.

"పన్నెండు ఉన్నాయన్నారుగా? మరి వెలగదేం?"

"తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు పన్నెండే చూపిస్తుందండీ. పని చెప్పి చూస్తేగానీ దాని బండారం బయటపడదు."

"మనుషులూ అంతే" అని ఆమె బల్ల మీద కూర్చుని తన సంగతులు మొదలుపెట్టింది. ఆసుపత్రివాళ్లు ఈ ఊళ్లోనే ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే పోస్టు ఒకటి ఇస్తున్నారు. సొంత కారుండాలి, దానికి చెల్లే పొగ సర్టిఫికెట్ ఉండాలి. కాగితాలు వచ్చే నెలాఖరు శుక్రవారం సాయంత్రంలోగా చేరాలి. ఆ పోస్టు రాకపోతే ఆమెను రోజంతా ప్రయాణం చేస్తేగానీ చేరలేని ఇంకో బ్రాంచికి పంపిస్తారు. ఇంట్లో ఉన్నది ఆమె, చెల్లెలు. చెల్లెలికిది స్కూల్లో చివరి ఏడాది.

"నేను వెళ్తే దాన్ని హాస్టల్లో పెట్టాలి. అది రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటేగానీ పడుకోదు. హాస్టల్లో ఏం పడుకుంటుంది?"

మీటర్ కారు కిందనుంచి ఊఁ కొడుతూ తీగ వెంట వేలు పోనిస్తున్నాడు. పొగగొట్టానికి వేడి తగలకుండా పెట్టే రేకు దగ్గర వేలు ఆగింది. రేకు అంచు తీగని రాసీ రాసీ తొడుగు తినేసింది. లోపల రాగి పచ్చబడి, రెండు మూడు పోగులే మిగిలాయి. దొంగ దొరికాడు!

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇవాళ దొరికేస్తే ఇంక మీ షెడ్డు మొహం చూడక్కర్లేదు. హమ్మయ్య!"

ఆ హమ్మయ్య ఆమె సరదాకి అంది. అది అతని గుండెల్లో గుచ్చుకుంది. అతను తెరిచిన నోరు మూసి, తొడుగుని తీగ మీదికి లాగి, పోగులు కలిసేలా నొక్కి, బయటికొచ్చాడు.

"దొరకలేదండీ. ఇంకోసారి రావాల్సి ఉంటుంది."

ఇక్కడ ఆ బుద్ధిమంతుణ్ణి పట్టుకుని ఒక్కటి పీకాలనిపిస్తుంది. కానీ పీకేవాళ్లెవరు? మామయ్య ఆ టైముకి విడిభాగాల కొట్టుకి వెళ్లాడు.

*

ఆ తర్వాత ఆమె వారానికోసారి రావడం మామూలైంది. లైటు వెలిగేది, ఆమె వచ్చేది, అతను చెరిపేవాడు. మధ్యలో గంట గడిచేది.

ఆ గంటలో ఆమె అతని నడుం బాధ్యత తీసుకుంది. "అలా వంగితే నలభై ఏళ్లకి నువ్వే నా పేషెంటువి. మోకాళ్లు వంచు. నడుం కాదు, మోకాళ్లు!" అని అరిచేది. మొదట్లో 'మీరు' అన్న మనిషి ఎప్పుడు 'నువ్వు'లోకి దిగిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. మీటర్ ఆమె వచ్చిన ప్రతిసారీ పనిగట్టుకుని తప్పుగా వంగేవాడు. తిట్లు పడ్డాక తీరిగ్గా మోకాళ్లు వంచేవాడు. ఆమె లేనప్పుడు బుద్ధిగా మోకాళ్లే వంచేవాడు.

"సారుగారూ, ఇంత తెలివైనవారికి మా కారు రోగం మాత్రం అంతుపట్టదేం?" అని ఒకసారి ఆటపట్టించింది.

"కొన్ని రోగాలు మొండివండీ."

"కారుదా, నీదా?"

అతను చెవులదాకా ఎర్రబడి స్పానర్ వెతుక్కోవడానికి పోయాడు. స్పానర్ జేబులోనే ఉంది.

ఒకరోజు టీ తాగుతూ మామయ్య చెప్పాడు. "ఒరే, ఈ నెల నుంచి పొగ పరీక్ష దగ్గర పద్ధతి మారింది. పొగా లైటూ చూసి వదిలెయ్యరంట. కంప్యూటర్‌కి వైరు పెట్టి, అది తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందా లేదా అని కూడా చూస్తారు. కోడ్ చెరిపితే ఆ పరీక్షలన్నీ మళ్లీ మొదటికి. నాలుగైదు రోజులు నడిపితేగానీ పూర్తికావు. కాబట్టి పరీక్షకి ముందు ఎవరి బండీ చెరపొద్దు. వింటున్నావా?"

"ఊఁ."

విన్నది చెవులే. కళ్లు గేటు మీదున్నాయి. అక్కడ ఒక తెల్ల కారు మలుపు తిరుగుతోంది. తీరా చూస్తే అది వేరే తెల్ల కారు.

అతనికీ ఒక లెక్క ఉంది. పరీక్ష ముందురోజు చెరిపేస్తే లైటు ఉండదు, సర్టిఫికెట్ వచ్చేస్తుంది, ఉద్యోగం వచ్చేస్తుంది. ఆ సంతోషంలో మనసులో మాట చెప్పి, ఆమె చూడకుండా తీగ బాగుచేసేస్తే పీడా వదిలిపోతుంది. ఎవరికీ నష్టం లేని అబద్ధమని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. ఆ నచ్చజెప్పుకోవడం లేకపోతే లోకంలో సగం అబద్ధాలు పుట్టేవే కావు.

బుధవారం సాయంత్రం ఆమె వచ్చింది. ఎండ కాస్తోంది. వానపడి పది రోజులైంది.

"రేపే పరీక్ష. మళ్లీ వెలిగింది" అంది, అతని వైపు కాకుండా టైర్ల వైపు చూస్తూ.

మీటర్ స్కానర్ తగిలించాడు. ఏం చూపిస్తుందో తెలిసిందే కదా! డాష్‌బోర్డు వైపైనా చూడకుండా, చదవడం దాటేసి నేరుగా చెరిపేశాడు. కార్డు మీద అలవాటు ప్రకారం అదే హీటర్ కోడ్ రాశాడు. కిందటిసారి కూడా ఇంతే చేశాడు.

"రేపు ధైర్యంగా వెళ్లు. లైటు ఉండదు" అన్నాడు. మొదటిసారి అతని నోట 'వెళ్లు' వచ్చింది. "కాగితం తీసుకుని ఇటే రా. ఒక మాట చెప్పాలి."

"నేనూ ఒకటి చెప్పాలి" అని ఆమె నవ్వి వెళ్లిపోయింది.

*

గురువారం మధ్యాహ్నం ఆమె కాగితం తీసుకునే వచ్చింది. మామయ్య చేతికిచ్చింది.

"బండి తయారుగా లేదని వెనక్కి పంపేశారండీ. లైటు లేదు, పొగ బాగుంది. కానీ లోపలి పరీక్షలేవీ పూర్తికాలేదట. నిన్ననో మొన్ననో ఎవరో మెమరీ చెరిపారు అన్నారు. లేదండీ, మా మెకానిక్ అలాంటివాడు కాదు, రోగమేంటో వెతుకుతున్నాడు అని నేను వాళ్లతో గొడవ పెట్టుకున్నాను. మళ్లీ ఎప్పుడు రావాలంటే అయిదు రోజులు నడిపి రమ్మన్నారు. నాకున్నది రేపొక్క రోజు."

మామయ్య కాగితం చదివాడు. మేనల్లుడి మొహం చూశాడు. ముప్పై ఏళ్లుగా ఇంజిన్ల చప్పుడు విని రోగం చెప్పే మనిషి, ఈ మొహం చదవడానికి ఎంతసేపు కావాలి?

"బ్యాటరీ వైరు వదులైనా ఇలాగే అవుతుందమ్మా" అన్నాడు మెల్లగా. మేనల్లుడి మీద ప్రేమ కొద్దీ వేసిన తాడు అది.

ఆమె ఊపిరి పీల్చుకుంది. "అదే అయ్యుంటుంది. నేనూ అదే అనుకున్నాను."

మీటర్ ఆ తాడు పట్టుకుంటే చాలు. తల ఊపితే చాలు. ఉద్యోగం పోయినా మనిషి మిగిలేది. ఆమె మొహంలో ఆ నమ్మకం చూశాక మాత్రం అతనికి తల ఊపడం చేతకాలేదు.

"బ్యాటరీ కాదు. నేనే చెరిపాను. తీగ ఎక్కడ తెగుతోందో నాకు తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండోసారి వచ్చినప్పుడు. వాన పడిన రోజు."

ఆమె వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. అయిదు దగ్గర వేలు ఆగింది.

"ఎందుకు?"

"బాగుచేస్తే మీరింక రారని."

మామయ్య కాగితం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

"బాగుచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఇరవై నిమిషాలు."

"చెయ్యి. నేను చూస్తాను."

ఆమె బల్ల మీద కూర్చోలేదు. కారు పక్కనే నిలబడింది. అతను రేకు విప్పి, పచ్చబడ్డ ముక్క కత్తిరించి, అంత మందం కొత్త తీగ వేసి, టంకం పెట్టి, పైన తొడుగు వేడిచేసి బిగించాడు. తీగని రేకుకి దూరంగా జరిపి రెండు క్లిప్పులతో కట్టాడు. బల్బు తగిలిస్తే కళ్లు చెదిరేలా వెలిగింది. అంతసేపూ నడుం వంచే పనిచేశాడు. ఆమె ఒక్క మాట అనలేదు. అదే అతనికి ఏడుపు తెప్పించింది.

"పద్దెనిమిది నిమిషాలు" అంది ఆమె వాచీ చూసి.

"ఆసుపత్రికి నేనొస్తాను. తప్పు నాదని చెబుతాను. గడువు ఒక్క వారం పెంచమని..."

"ఏమని చెబుతావ్? ఈ అమ్మాయి మీద ఇష్టంతో ఈమె ఉద్యోగం పోగొట్టాను, దయచేసి గడువు పెంచండి అనా? నేను ఫోన్ చేసి అడిగాను. జాబితాలో నా తర్వాత ఇంకొకళ్లున్నారు. వాళ్ల కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి."

అతను బల్బు ఊడదీసి సెన్సార్ ప్లగ్గు మళ్లీ బిగించాడు.

"నిన్న కోడ్ ఏం వచ్చింది?" అని ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"అదే, హీటర్ కోడ్."

"చదివావా?"

అతను కార్డు వైపు చూశాడు. తన చేతిరాతే. కోడ్ అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

"నిన్న లైటు వెలగలేదు" అందామె. "కిందటిసారీ వెలగలేదు. పది రోజులుగా ఒక్కసారి కూడా వెలగలేదు. నేను ఊరికే వచ్చాను. నువ్వు స్కానర్ పెట్టగానే దొరికిపోతాననుకున్నాను. ఏమీ లేదు కదా, మరెందుకొచ్చావ్ అని అడుగుతావనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. రెండుసార్లూ నువ్వు చెరిపేసి, కార్డు మీద ఏదో రాసేసుకున్నావు. నాకు అప్పుడే ఎందుకో తేడాగా అనిపించింది. నీ మీద నమ్మకంతో ఊరుకున్నాను."

మీటర్‌కి అప్పుడు అర్థమైంది. చెరపడానికి అందులో ఏమీ లేదు. వాన లేని ఆ పది రోజులూ తడి తగలక తీగ ఎలాగో అతుక్కుని ఉంది, కంప్యూటర్ తన పరీక్షలు తను పూర్తిచేసుకుంటూ ఉంది. అతను ఏ పాపం చెయ్యకుండా ఒక్కసారి తెర చదివి ఉంటే చాలు, సర్టిఫికెట్ వచ్చేది. ఆమె కూడా వచ్చేది.

"నేనూ..." అన్నాడు. మళ్లీ ప్రయత్నించాడు. "నాకు మీరంటే చాలా ఇష్టం. మొదటిరోజు నుంచీ."

"తెలుసు. నాకూ అంతే. అందుకే ఇంత బాధ." ఆమె కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు వాటి దారిన అవి కారుతున్నాయి. "నేనూ అబద్ధమే చెప్పాను, ఒప్పుకుంటాను. నా అబద్ధంతో మీకు రెండు గంటలు పోయాయి. మీ అబద్ధంతో మా చెల్లి హాస్టల్‌కి పోతోంది. ఇవాళ దానికేమని చెప్పను? ఒకాయన నన్ను ప్రేమించాడే, అందుకని నిన్ను వదిలి వెళ్తున్నాను అనా?"

'నువ్వు' మళ్లీ 'మీరు' అయింది. ఈసారి ఇద్దరూ గమనించారు.

"నేను ఆగుతాను. మీరెన్నాళ్లకి తిరిగొచ్చినా..."

"వద్దు. రేపు నాకు ఒంట్లో బాలేకపోతే, ఇంకొన్నాళ్లు అలాగే ఉండనిద్దాం, నా దగ్గరే ఉంటుంది అని ఆలోచించే మనిషి పక్కన నేను ఉండలేను. నేను చేసే పని ఏంటో మీకు తెలుసు కదా. నా దగ్గరికొచ్చినవాళ్లు నడుచుకుంటూ వెళ్లిపోతేనే నేను పని చేసినట్టు."

ఆమె కారెక్కి తాళం తిప్పింది. ఇంజిన్ చప్పుడు సాఫీగా, హాయిగా ఉంది. అద్దం సగం దించింది.

"ఈ రిపేరు ఎన్నాళ్లుంటుంది?"

అబద్ధం చెప్పడానికి అతనికి అది చివరి అవకాశం. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలండీ అంటే ఎవరు కాదంటారు?

"బండి ఉన్నన్నాళ్లూ ఉంటుందండీ" అన్నాడు.

ఆమె తల ఊపి అద్దం ఎత్తేసింది. మామయ్య లోపలినుంచి వచ్చి మేనల్లుడి పక్కన నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చినవాడు భుజం మీద చెయ్యి వేశాడు.

కారు గేటు దాకా వెళ్లి ఆగింది. మీటర్ ఒక అడుగు ముందుకేశాడు. ఆమె కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. రోడ్డు మీద వచ్చే బళ్లన్నీ వెళ్లిపోయేదాకా ఆగి, మలుపు తిరిగి వెళ్లిపోయింది.